గాజు బిగిసిన చేయి

తెలుగునాట స్త్రీకి తన చేతి కొలత తెలిసినంత నిక్కచ్చిగా మఱి యే యవయవపు కొలతయు తెలియదు. గాజుల మలారమును భుజమున వేసికొని వీధి వెంబడి వచ్చు వృద్ధుడు అరుగుమీద కూర్చుండి, చాచిన చేతిని తన చేతిలోనికి తీసికొని, బొటనవ్రేలి మూలమును మెత్తగా అదిమి చూచి, "రెండుంబావు సరిపోతుందమ్మా" అని యొక్క మాటతో తేల్చివైచెడివాడు. ఆ మాట ఏండ్ల తరబడి తప్పెడిది కాదు. మా మేనత్తకు కుడిరొమ్మున పుట్టిన గడ్డతోపాటు చంకలోని గ్రంథులను గూడ తీసివేసి, పిమ్మట కరెంటు, అనగా కిరణచికిత్స, పెట్టించిన ఏడెనిమిది మాసములకు, ఒక పండుగనాటి యుదయమున, ఆమె కుడిచేతి గాజులు మోచేతివైపు జరుగుట మానినవి. ఎడమచేతి గాజులు ఎప్పటివలె గలగలలాడుచుండగా కుడిచేతివి చర్మమున కంటుకొని మౌనము వహించినవి. కంటికి వాపేమియు కానరాదు. వ్రేలితో నొక్కినను గుంట పడదు. "ఒరే, ఈ చెయ్యి నాది కానట్టుందిరా, సాయంత్రమయ్యేసరికి నీళ్లబిందె మోసినంత బరువెక్కుతోంది" అని ఆమె నాతో ననుటయు, చికిత్స జరిగిన చోట నడిగినపుడు "ఆపరేషనైన చెయ్యి కదమ్మా, అలాగే ఉంటుంది, మామూలే" అను సమాధానము వచ్చుటయు నాకు నేటికిని చెవిలో నున్నవి. మఱి రెండేండ్లకు ఆ చేయి రవికెలో పట్టలేదు.

ఆ "మామూలే" యను మాట ఆ వైద్యుని నోట నప్పుడు పుట్టినది కాదు. నూఱేండ్లకు పైగా శస్త్రవైద్యశాలలలో ఒకరినుండి యొకరికి సంక్రమించుచు వచ్చిన మాట యది. క్యాన్సరునుండి ప్రాణము దక్కినది గదా, చేయి కొంచెము లావైన నేమి యను భావము దానిలో నిమిడి యున్నది. లింఫెడిమా యని నేడు పిలువబడు ఈ చేతివాపు చరిత్ర యంతయు, నిజమునకు, ఆ యొక్క మాటను మెల్లమెల్లగా నోటినుండి తొలగించుటకు పూనుకొన్నవారి చరిత్రయే.

శరీరమున నెత్తురు పాఱు నాళములు గాక, తెల్లని నీరు పాఱు నాళములు వేఱుగా నున్నవని లోకమునకు తెలిసినది ఇటలీలో, 1622వ సంవత్సరము జూలై 23వ తేదీన. మిలాను నగరమున గాస్పరో అసెల్లీ యను శరీరశాస్త్రజ్ఞుడు మిత్రుల కోరికపై ఒక కుక్కను కోసి కంఠనాడులను చూపించి, పిమ్మట ఉదరవితానపు కదలికను చూపనెంచి పొట్ట తెఱచెను. ప్రేవులను పట్టియుంచు పలుచని పొరమీద సన్నని తెల్లని దారములు వలవలె పఱచుకొని యుండెను. నాడులని యాతడు తొలుత భ్రమపడెను. అనుమానము తీర్చుకొనుటకై యొక దారమును కత్తిమొనతో గుచ్చగా పాలవంటి ద్రవము చిమ్మెను. మఱియొకనాడు మఱియొక కుక్కను కోసిన నా దారము లొక్కటియు కానరాలేదు. ఈ కుక్క పస్తున్నదనియు, తొలి కుక్క కడుపునిండ తిని యున్నదనియు గుర్తించుట యందే యాతని ప్రజ్ఞ యున్నది. తిన్నయన్నములోని క్రొవ్వు చేరినప్పుడే యా నాళములు తెల్లబడి కంటికి కనబడును. ఆతని గ్రంథము ఆతడు గతించిన పిదప 1627లో వెలువడెను. మఱి పాతికయేండ్లకు స్వీడను దేశపు రుడ్‌బెక్, డెన్మార్కు దేశపు బార్తొలిన్ ఈ నాళములు దేహమంతట వ్యాపించి యున్నవని కనుగొనిరి. 1787లో ఇటలీ దేశీయుడు మస్కాగ్ని పాదరసమును ఆ నాళములలోని కెక్కించి, వెండితీగల యల్లికవలె వానిని చిత్రించి చూపెను.

ఆ నీటికి మన పాఠ్యపుస్తకములు శోషరసమని పేరు పెట్టినవి. నెత్తురును నడుపుటకు గుండె యున్నట్లు దీనిని నడుపుట కొక గుండె లేదు. నాళము తనంత తాను సన్నగా ముడుచుకొనుటవలనను, కండరము కదలి యదుముటవలనను, ఊపిరి పీల్చి విడుచుటవలనను ఇది మెల్లగా పైకి ప్రాకును. చేతినుండియు రొమ్మునుండియు వచ్చు రసములో నధికభాగము చంకలోని 20 మొదలు 40 వఱకు గల గ్రంథులగుండనే పోవలెను. రొమ్మున పుట్టిన క్యాన్సరు తొలుదొలుత దారి పట్టునదియు నా గ్రంథులకే. రోగమునకును చేతి జీవనమునకును ఒక్కటే బాట యగుటయే ఈ కథలోని విషాదమునకు మూలము.

అమెరికా దేశమున విలియం స్టీవర్ట్ హాల్‌స్టెడ్ 1882 ప్రాంతమున ఆరంభించి, బాల్టిమోరులోని జాన్స్ హాప్కిన్స్ ఆసుపత్రిలో తీర్చిదిద్దిన శస్త్రచికిత్స ఈ బాటను సమూలముగా పెకలించివైచెను. రొమ్మును, దాని క్రింది రొమ్ముకండరములను, చంకలోని గ్రంథులను క్రొవ్వుతో సహా ఒక్క ముద్దగా తీసివేయుట యాతని పద్ధతి. 50 మంది రోగుల ఫలితములను ఆతడు 1894లో ప్రకటించినపుడు శస్త్రవైద్యలోకము విస్మయ మొందెను. ఏలయన అంతకుముందు కోసినచోటనే మరల మరల పుట్టుచుండిన గడ్డ ఆతని చేతిలో మిక్కిలి యరుదయ్యెను. హాల్‌స్టెడ్‌ను నేడు నిందించుట సులువు. మత్తుమందు వచ్చి యర్ధశతాబ్ది గడవని దినములలో, గడ్డ ముదిరి పుండైన పిదపనే వైద్యుని కడకు వచ్చు స్త్రీలను చూచిన మనిషి యాతడు; మెత్తని చికిత్సను కోరుకొనుటకు ఆతనికి వ్యవధియు లేదు, సాధనమును లేదు. అంతియ కాదు, తన కత్తి మిగిల్చిన బాధను ఆతడు కప్పిపుచ్చలేదు. మరణమునకు ఒక సంవత్సరము ముందు, 1921లో, రొమ్ము క్యాన్సరు శస్త్రచికిత్స పిమ్మట వచ్చు చేతివాపును గూర్చి యొక వ్యాసము వ్రాసి, దాని కారణమును నివారణను విచారించి, దానికి శస్త్రకృతమైన ఏనుగురోగ మను అర్థము గల లాటిను పేరు పెట్టెను. గాయమున చీము పట్టుటయే వాపునకు ముఖ్యకారణమని ఆతడు తలచెను. పూర్తి సత్యము కాకున్నను చర్మమున చొచ్చు సూక్ష్మజీవులే ఈ చేతికి ప్రథమశత్రువు లన్నంతవఱకు ఆ తలపు నేటికిని నిలిచియున్నది.

ఏనుగురోగ మనగానే తెలుగువాని మనస్సునకు తోచునది బోదకాలు. సుశ్రుతుడు శ్లీపదమని వర్ణించిన యా వ్యాధి గోదావరి మండలములలోను, ఉత్తర కోస్తాలోను మొన్నమొన్నటి వఱకు ఇంటింట పరిచితమే. అక్కడ దోమ మోసికొని వచ్చిన పురుగు శోషరసనాళములలో కాపురము పెట్టి వానిని చెడగొట్టును. ఇక్కడ కత్తియు కిరణమును ఆ పని చేయును. కారణములు వేఱైనను ఫలము ఒక్కటే: పోవలసిన నీరు నిలిచిపోవును, నిలిచిన నీటిలోని మాంసకృత్తులు పేరుకొనును, క్రమముగా చర్మము క్రింద క్రొవ్వును నారయు పెరిగి యవయవము గట్టిపడును. భీమవరమున 1895లో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు ఈ రెండు కథలలోను పాత్ర వహించిన వాడనుట చాలమందికి తెలియదు. ఆయన నాయకత్వమున లెడర్లే ప్రయోగశాలలో రూపొంది 1947లో వెల్లడియైన హెట్రజాను బోదకాలి పురుగును చంపు మందు. అదే ప్రయోగశాలనుండి వచ్చిన మెథోట్రెక్సేటు, 1976లో మిలాను వైద్యుడు బొనడొన్నా ప్రకటించిన మూడుమందుల కలయికలో నొకటియై, రొమ్ము క్యాన్సరు స్త్రీల ప్రాణములను కాపాడెను. ఆ మహనీయుని తలచుకొనినపుడు నా మనస్సు చెమ్మగిల్లును.

వాచిన చేతిని బాగుచేయుటకు శస్త్రవైద్యులు తొలుత శస్త్రమునే యాశ్రయించిరి. లండనులోని మిడిల్‌సెక్స్ ఆసుపత్రి వైద్యుడు శాంప్సన్ హ్యాండ్లీ 1908లో ఒక విచిత్రమైన యుపాయమును ప్రకటించెను. వాచిన చేతిలో చర్మము క్రింద, మణికట్టునుండి భుజమువఱకు పొడవైన పట్టుదారములను సూదితో నెక్కించి యక్కడనే విడిచిపెట్టుట. దీపపు వత్తి నూనెను పైకి లాగినట్లు పట్టుదారము నీటిని లాగి, చెడని చోటికి చేర్చునని యాతని యూహ. మొదటి దినములలో చేయి మెత్తబడెడిది, నొప్పి తగ్గెడిది. పిమ్మట దారముచుట్టును మచ్చకణజాలము గట్టిపడి నీరు మునుపటివలెనే నిలిచెడిది. ఆ యుపాయము నిలువలేదు. కాని ఆ చేతిబాధను బాధగా గుర్తించి, దానిని తీర్చుటకు రేయింబవళ్లు తల బ్రద్దలు కొట్టుకొన్న వానికి నమస్కారము చేయవలసినదే.

అప్పటికే మందు మఱియొక చోట నున్నది. వియన్నాలో శస్త్రవైద్యుడు బిల్‌రోత్ శిష్యుడై, పిదప బెల్జియములో ఆచార్యుడైన అలెగ్జాండరు వినివార్టరు 1892లోనే, వాచిన యవయవమును ఎత్తి యుంచుట, మెత్తగా మర్దనము చేయుట, పట్టీతో బిగించి కట్టుట యను మూడింటిని కలిపి చెప్పియుండెను. ఆ పుస్తకము గ్రంథాలయములందు దుమ్ము పట్టెను. నలువదియేండ్లకు, ఫ్రాన్సులోని కాన్ పట్టణమున మర్దనవృత్తితో జీవించుచుండిన డెన్మార్కు దంపతులు ఎమిల్ వాడ్డరు, ఎస్ట్రిడ్ వాడ్డరు, జలుబుతో మెడగ్రంథులు వాచి వచ్చిన వారిని తాకి చూచుచు, ఆ గ్రంథులను ముట్టరాదను నాటి వైద్యుల నిషేధమును దాటి, చర్మమును మాత్రము వలయములుగా కదలించెడు తేలికైన చేతిపనిని కనిపెట్టిరి. 1936లో పారిసులో దానిని ప్రదర్శించిరి. వారు పట్టభద్రులైన వైద్యులు కారు. కావున వైద్యలోకము ముప్పదియేండ్లు దానిని లెక్కింపలేదు. 1960 తరువాత జర్మను వైద్యుడు ఆస్డాంక్ దానిని రోగులపై పరీక్షించి యంగీకరించెను. హంగేరీనుండి జర్మనీకి వచ్చిన మైకేల్ ఫోల్డి తన భార్య ఎథెల్‌తో కలిసి ఆ చేతిపనికి బిగుతుకట్టు, వ్యాయామము, చర్మరక్షణ జోడించి, నల్లడవి ప్రాంతమునందలి హింటర్‌జార్టెనులో ఆసుపత్రిని నెలకొల్పి, దానిని శాస్త్రముగా నిలిపెను. నేడు ప్రపంచమంతట నడచునది ఆ పద్ధతియే.

మా మేనత్తకు ఆ కట్టు కట్టుట నేను దగ్గఱనుండి చూచితిని. తొలుత చేతికి తైలమువంటి లేపనము రాసి, నూలు తొడుగు తొడిగి, పిమ్మట సన్నని గుడ్డపట్టీని ఒక్కొక్క వ్రేలికి గోరు మాత్రము విడిచి చుట్టి, ఆపైన మెత్తని దూదిపొర పఱచి, చివఱ సాగుడు తక్కువగల వెడల్పుపట్టీలను మణికట్టునుండి పైకి, క్రింద బిగువుగాను మీదికి పోను పోను వదులుగాను చుట్టవలెను. ఆ బిగువు తలక్రిందులైన నీరు పైకి పోవుటకు మాఱు వ్రేళ్లలోనికి దిగును. కట్టు కట్టిన ఫిజియోథెరపిస్టు అమ్మాయి ప్రతి చుట్టునకు ఆగి, "అత్తయ్యా, వేళ్లు తిమ్మిరెక్కుతున్నాయా? గోళ్లు నీలంగా ఉన్నాయా చూడండి" అని యడిగెడిది. కట్టిన పిదప చేతిని మూలపెట్టరాదు; పిడికిలి బిగించి విప్పుచు, కూరలు తరుగుచు, బట్టలు మడచుచు వాడుచుండవలెను. కట్టు గోడవలె నిలువగా కండరము లోపలినుండి యదుమును; ఆ రెంటినడుమ నీరు కదలును. వారము దినములలో చేయి తగ్గి, పిమ్మట కొలతకు కుట్టిన తొడుగును పగటివేళ ధరించుట యారంభమాయెను. మేనత్త చేయి పూర్తిగా పూర్వపు కొలతకు రాలేదు. నారగట్టిన భాగము తిరిగి మెత్తబడుట కష్టము. మొదటి యేడు వచ్చియుండిన నంతయు తగ్గియుండెడి దని ఆ యమ్మాయి చెప్పినపుడు మేనత్త మాటాడక తన మణికట్టును చూచుకొనెను.

శస్త్రచికిత్సయు క్రమముగా తన చేతిని వెనుకకు తీసికొనెను. హ్యాండ్లీ పనిచేసిన మిడిల్‌సెక్స్ ఆసుపత్రిలోనే పేటీ యను వైద్యుడు 1948లో రొమ్ము పెద్దకండరమును విడిచిపెట్టు పద్ధతిని ప్రకటించెను. 1970 తరువాత అమెరికాలో బెర్నార్డ్ ఫిషరు, ఇటలీలో వెరొనేసి రొమ్మునంతయు తీయనక్కఱ లేదని పెద్ద పరీక్షలతో నిరూపించిరి. 1994లో గ్యూలియానో మొదలగువారు, గడ్డనుండి రసము తొలుదొలుత చేరు ఒకటి రెండు గ్రంథులను రంగుతో గుర్తించి వానినే తీసి పరీక్షించు పద్ధతిని రొమ్ము క్యాన్సరునకు తెచ్చిరి. ఆ కావలిగ్రంథిలో రోగము లేనిచో తక్కినవానిని ముట్టరు. 2013లో అనేక పరిశోధనలను కూడి లెక్కించినపుడు, గ్రంథుల నన్నిటిని తీసినవారిలో నూటికి సుమారు 20 మందికి, కావలిగ్రంథిని మాత్రమే తీసినవారిలో నూటికి 6 మందికన్న తక్కువమందికి చేయి వాచినదని తేలెను. తగ్గినది, పోలేదు. గ్రంథులన్నియు తీయవలసివచ్చు ముదిరిన గడ్డతో వచ్చు స్త్రీలు మన దేశమున నేటికిని పెక్కుమంది.

వాపుతోపాటు వాపును గూర్చిన భయమును ఒక యాచారముగా పెరిగెను. ఆ చేతితో బరువెత్తరాదు, సూది గ్రుచ్చించుకొనరాదు, రక్తపోటు చూపించుకొనరాదు, విమానమెక్కరాదు, బిడ్డ నెత్తుకొనరాదు. స్త్రీలు దశాబ్దములు ఆ చేతి విషయమున అంటుముట్టువలె ఈ నిషేధములను పాటించిరి. 1996లో కెనడాలోని వాంకూవరులో డాన్ మెకెంజీ యను వైద్యుడు, చికిత్స పొందిన 24 మంది స్త్రీలను పొడవైన పడవలో కూర్చుండబెట్టి తెడ్లు వేయించెను, వాపు పెరుగలేదు. 2009లో క్యాత్రిను ష్మిట్జు 141 మంది వాపుగల స్త్రీలపై జరిపిన పరీక్షలో, శిక్షకుల పర్యవేక్షణలో మెల్లగా బరువులు పెంచుకొనుచు ఎత్తినవారికి వాపు పెరుగకపోగా, బాధ ముదురుట తగ్గెను. 2016లో బోస్టనునుండి 632 మంది స్త్రీల కొలతలు వెలువడినవి. రక్తము తీయుటకును, రక్తపోటు పట్టీకిని, విమానప్రయాణమునకును వాపుతో సంబంధము కనబడలేదు, చర్మమున సోకిన చీమునకును స్థూలకాయమునకును కనబడెను. నిషేధముల పట్టికను నమ్మి మనుమని నెత్తుకొనక పోయిన యమ్మమ్మలను తలచుకొనిన గుండె తరుగుకొనిపోవును. మోయవద్దన్నది తప్పు, ఒక్కసారిగా మోయవద్దనుటయే ఒప్పు.

అన్నిటికంటె నిశ్శబ్దముగా జరిగిన మార్పు కొలతయందు. పూర్వము రెండు చేతులకు నడుమ రెండు సెంటీమీటర్ల తేడా వచ్చిననే వైద్యుడు వాపనెడివాడు; అప్పటికి చేయి చాల దూరము పోయియుండెడిది. శస్త్రచికిత్సకు ముందే రెండు చేతులను కొలిచి యుంచి, పిమ్మట కొన్ని మాసముల కొకసారి పోల్చి చూచిన నేమగునని అమెరికాలోని బెథెస్డా నౌకాదళ వైద్యశాలలో నికోల్ స్టౌట్ మొదలగు ఫిజియోథెరపిస్టులు విచారించిరి. 2008లో ప్రకటింపబడిన వారి పరిశీలనలో 196 మంది స్త్రీలలో 43 మందికి చేతి ఘనపరిమాణము నూటికి 3 వంతులు పెరిగినపుడే, అనగా కంటికి కనబడకముందే, తేలికపాటి బిగుతు తొడుగును సుమారు నాలుగు వారములు తొడిగింపగా చేయి దాదాపు తొల్లింటి కొలతకే వచ్చెను. మా మేనత్తకు గాజు చెప్పినది ఆ మూడువంతుల మాటయే. కొలతపట్టీకంటె ముందు స్త్రీకి తెలియును: సాయంకాలపు బరువు, రవికె చేయి బిగువు, వ్రేలినుండి రాని యుంగరము, వీపున లోదుస్తుల యంచు లోతుగా ముద్రపడుట, పిడికిలి బిగింపనీయని బిఱుసు. ఈ దశలో రాత్రి దిండుపై చేయి యెత్తి పెట్టుకొనిన తెల్లవాఱునప్పటికి తగ్గును; తగ్గినది గదా యని యూరకుండుటయే పెద్ద ప్రమాదము.

ఈ వాపు తఱచుగా మొదటి రెండు మూడేండ్లలో తలయెత్తును. పదేండ్ల పిమ్మట వచ్చినవారును కలరు. కత్తిపీట కోత, చేపముల్లు, నాట్లబురదలో గీరుకొన్న గాయము, పొయ్యిసెగ, గోరుచుట్టు — మన స్త్రీల చేతికి సూక్ష్మజీవి చొచ్చు ద్వారములు ఇవియే; గాయమును వెంటనే సబ్బుతో కడిగి మందు రాయవలెను. చేయి ఎఱ్ఱబడి వెచ్చనై జ్వరము వచ్చినచో తెల్లవాఱువఱకు ఆగక ఆ గంటనే వైద్యుని కడకు పోవలెను. హఠాత్తుగా నొప్పితో వాచినచో రక్తము గడ్డకట్టెనేమో, రోగము తిరుగబెట్టెనేమో వైద్యుడు పరీక్షించి తేల్చవలెను. మూత్రము జాఱు మాత్రలు ఈ నీటిని తీయజాలవు. తెలియనివారిచేత గట్టిగా పిసికించుకొనిన హానియే కలుగును. తొడుగును కూడ కొలత లేక కొనరాదు.

రొమ్ము గడ్డకు శస్త్రచికిత్స నిశ్చయమైన ప్రతి యింటివారికి నాదొక విన్నపము. ఆసుపత్రికి పోకముందు ఒక నూలుపట్టీ తీసికొని, మీ తల్లికో, అక్కకో, అత్తకో రెండు చేతులను మణికట్టు కడ, మోచేతికి నాలుగంగుళములు క్రిందను, నాలుగంగుళములు మీదను కొలిచి, తేదీతో సహా ఒక కాగితముపై వ్రాసి యుంచుడు. రెండు మూడు మాసముల కొకసారి అదే పట్టీతో అవే చోట్ల కొలిచి దాని క్రిందనే వ్రాయుడు. తేడా కనబడినను, కనబడకయే చేయి బరువైనదని ఆమె చెప్పినను, ఆ కాగితమును పట్టుకొని వైద్యుని కడకు పొండు. మామూలే యని యెవరన్నను మరల అడుగుడు.